ఎడమ పక్క ఎత్తు

మూడు రోజులుగా ఆ ఇంట్లో గుడ్డు గుండ్రంగా వేగలేదు. పెనం మీద కొట్టి పోయగానే అది నూనెను వెంటబెట్టుకుని కుడి అంచుకు జారి, అక్కడే ముద్దకట్టి మాడేది. గిన్నెల అర తలుపు ఎవరూ ముట్టుకోకుండానే తెరుచుకునేది. స్నానాల గదిలో నీళ్లు, కన్నం ఉన్న మూలకు తప్ప అన్ని మూలలకూ పోయేవి. మంచం మీద ఎవరి చోట వాళ్లు పడుకున్నా, తెల్లారేసరికి భార్య గోడకు అతుక్కుని, భర్త ఆమెకు అతుక్కుని ఉండేవారు. పెళ్లయిన కొత్తలో అయితే అది వేరే సంగతి. ముప్ఫై ఏళ్ల కాపురం తర్వాత ఎనభై కిలోల మనిషి రాత్రంతా మీదికి దొర్లుతుంటే ఏ ఆడదానికైనా ఒళ్లు మండుతుంది.

ఆ ఇల్లు ఒక పాత స్కూలు బస్సు. ఇరవై రెండేళ్లు దాన్ని నడిపిన డ్రైవరే ఇప్పుడు దాని యజమాని. ఆయన రిటైరైన నెలలోనే స్కూలువాళ్లు దాన్ని కూడా వదిలించుకుంటుంటే, ఇద్దరం ఒకేసారి మూలపడటం దేనికని ఇంటికి తోలుకొచ్చాడు. పది నెలలు కష్టపడి సీట్లన్నీ పీకేసి, మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, స్నానాల గది అమర్చాడు. ఊళ్లు తిరుగుతూ, నచ్చిన చోట ఆగుతూ బతకాలని ఆయన ఆశ. ఈ పది నెలల్లో భార్యను ఒక్కసారి కూడా నీకిష్టమేనా అని అడగలేదు. ఆవిడ టైలరు. పద్నాలుగు కిటికీలకూ కర్టెన్లు కావాలంటే నోరెత్తకుండా కుట్టి ఇచ్చింది. నోరెత్తలేదు కాబట్టి ఇష్టమేననుకున్నాడు డ్రైవరు. మొగుళ్ల తెలివి చాలావరకు ఇలాగే పనిచేస్తుంది.

అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఊరి చివర మూతబడ్డ కలప అడితి వెనక స్థలంలో బస్సు ఆపారు. స్థలం డ్రైవరు స్నేహితుడిది. చూడటానికి చదునుగానే ఉంది. కంటికి చదునుగా కనిపించే నేల ఎంత మోసకారిదో బస్సులో కాపురం పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

దాన్ని సరిచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఏ పక్క చక్రం పల్లంలో ఉందో చూసి, జాకీతో లేపి, కింద చెక్క దోపి, మళ్లీ దించాలి. చక్రాలు దొర్లకుండా ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాలి. ఆ తర్వాత నాలుగు మూలలా ఇనప స్టాండ్లు బిగిస్తే, లోపల మనిషి నడిచినప్పుడల్లా ఇల్లు ఊగకుండా ఉంటుంది. ఇవన్నీ డ్రైవరుకు తెలుసు. ఏ పక్క పల్లమో ఒక్కటే తెలియదు. అది తెలుసుకోవడానికి పనిముట్లు అక్కర్లేదనీ, తన సీట్లో కూర్చుంటే తన ఒళ్లే చెబుతుందనీ ఆయన నమ్మకం. కూర్చున్నాడు. ఎడమ పక్క పల్లమని ఒళ్లు చెప్పింది. దిగి ఎడమ చక్రాల కింద చెక్క పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. ఇంకాస్త అంది ఒళ్లు. ఇంకో చెక్క పెట్టాడు. ఇరవై రెండేళ్లు తన బరువు మోసి ఆ సీటే ఎడమ పక్క రెండు వేళ్లు కుంగిపోయిందన్న సంగతి మాత్రం ఒళ్లు చెప్పలేదు. గుడ్డు కుడి పక్కకు జారుతోందని భార్య మొత్తుకుంటే, పెనం వంకరగా ఉందన్నాడు.

ఆవిడ వాదించలేదు. గురువారం పొద్దుటికి ఇది చదునుగా లేకపోతే మా తమ్ముడింటికి పోతానంది.

తమ్ముడింటికి పోతాననే మాట డ్రైవరుకు కొత్తేమీ కాదు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి గొడవా ఆ మాటతోనే ముగిసేది. ఆవిడ ఏనాడూ పోలేదు, ఆయన ఏనాడూ భయపడలేదు. కానీ ఈసారి ఆవిడ తమ్ముడికి ఫోను చేసి వస్తున్నానని చెప్పింది. సంచిలో బట్టల మీద కత్తెర, కొలత టేపు పెట్టడం ఆయన కళ్లారా చూశాడు. కత్తెర సంచిలోకి ఎక్కిందంటే ఇది ఉత్త బెదిరింపు కాదు. ఈ బస్సు లేకుండా ఆయన బతకగలడు. ఆవిడ లేకుండా ఈ బస్సులో ఒక్క పూట గడపలేడు. ఆ ముక్క ఆవిడతో చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు.

గురువారం, ఆయన ఇంకా పళ్లు తోముకుంటుండగానే బావమరిది దిగబడ్డాడు. అతను తాపీమేస్త్రి, ఊళ్లో సగం ఇళ్లకు గచ్చులు వేసినవాడు. రసమట్టాన్ని పాత తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. అడుగున్నర కర్ర, దాని మధ్యలో చిన్న గాజు గొట్టం, అందులో ఒక బుడగ. బుడగ రెండు గీతల మధ్య నిలబడితే చదును. ఏ పక్కకు పోతే ఆ పక్క ఎత్తు.

ఫ్రిజ్ ఎక్కించడానికి ఒక చెయ్యి వెయ్యమంటే నడుం నొప్పని తప్పించుకున్నవాడు, ఇవాళ పిలవకుండా ఇంత పొద్దున్నే ఎందుకొచ్చాడా అని డ్రైవరుకు అనుమానం వచ్చింది. అక్క ఇబ్బంది పడుతుంటే చూస్తూ ఊరుకుంటానా అన్నాడు మేస్త్రి. అక్క కళ్లు చెమర్చాయి. మా తమ్ముడంటే ఏమనుకున్నారు అన్నట్టు మొగుడి వంక చూసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తాపీపనిలో 'ఎత్తు' అంటే, ఎత్తుగా ఉందని. గచ్చు మీద రసమట్టం పెట్టి మేస్త్రి 'ఎత్తు' అన్నాడంటే, కూలీ అక్కడ చెక్కేయాలి. జాకీపనిలో 'ఎత్తు' అంటే, ఎత్తమని. షెడ్డులో మెకానిక్కు 'ఎత్తు' అన్నాడంటే డ్రైవరు జాకీ కొట్టాలి. ఇద్దరూ తమ తమ పనుల్లో ఆరితేరినవాళ్లే. ఒకరి పని ఇంకొకరు ఏనాడూ దగ్గరుండి చూసినవాళ్లు కాదు.

మేస్త్రి లోపల మోకాళ్ల మీద కూర్చుని, రసమట్టాన్ని నేల మీద అడ్డంగా పెట్టాడు. డ్రైవరు బయట, వెనక ఎడమ చక్రం పక్కన జాకీతో సిద్ధంగా ఉన్నాడు. మధ్యలో రేకు గోడ.

"ఎడమ పక్క ఎత్తు బావా" అని లోపలి నుంచి వినిపించింది.

డ్రైవరుకు సంతోషమేసింది. తన ఒళ్లు చెప్పిందీ అదేగా. జాకీ కొట్టాడు, చక్రం లేచింది, చెక్క దోపాడు.

బుడగ ఎడమకు ఇంకాస్త జరిగింది. మేస్త్రి కళ్లు నులుముకుని చూశాడు. "ఇంకా ఎత్తే బావా."

డ్రైవరు ఇంకో చెక్క దోపాడు.

"ఏంటి బావా, చాలా ఎత్తు."

చాలా ఎత్తమంటున్నాడు కాబట్టి ఈసారి రెండు చెక్కలు ఒకేసారి దోపాడు. చొక్కా వెన్నుకు అతుక్కుపోయింది. బావమరిది పైకి అలా కనిపిస్తాడు గానీ పనిలో నిక్కచ్చి మనిషేనని మనసులోనే మెచ్చుకున్నాడు.

లోపల గిన్నెల అర తెరుచుకుని, ఉన్నవన్నీ బయటికి కక్కేసింది. కుట్టుమిషను దాని బల్లతో సహా బయల్దేరి ఆవిడ మీదికి వచ్చింది. ఆవిడ దాన్ని ఆపబోయి, దానితో పాటే వెళ్లి కుడి పక్క కిటికీలకు ఆనుకుంది. మేస్త్రి ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, రెండో చేత్తో రసమట్టాన్ని అదిమిపెట్టి, చేసేది లేక ఎత్తు, ఎత్తు, ఎత్తు అని అరుస్తూనే ఉన్నాడు. పనిచేస్తే పక్కవాడికి ఇలాంటి ఉత్సాహం రావాలి అనుకుంటూ డ్రైవరు ఇంకా జోరుగా జాకీ కొట్టాడు. మేస్త్రికి ఒక దశలో, అడితి కింద నేలే కుంగిపోతోందేమోనని కూడా అనుమానం వచ్చింది. బుడగ గొట్టం చివరికి పోయి అక్కడ నక్కింది.

ఆవిడకు ఎదురుగా ఎడమ పక్క కిటికీల్లో ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. సీట్ల కోసం వేసిన పాత కమ్మీలు పట్టుకుంటూ వెనక తలుపు దాకా పాకి, కిందికి దూకి, బస్సు చుట్టూ తిరిగి వచ్చింది. మొగుణ్ణి చూసింది. చక్రం కింది చెక్కల దొంతర చూసింది. ఏం చేస్తున్నారని అడిగింది. ఎత్తమన్నాడుగా, ఎత్తుతున్నా అన్నాడాయన, మెప్పు కోసం చూస్తూ.

"వాడు ఎత్తుగా ఉందంటున్నాడండీ" అందావిడ. "ఎత్తమనట్లేదు."

మేస్త్రి కిటికీలోంచి తల బయటపెట్టాడు. బావాబావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు. సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడటం ఇద్దరికీ అలవాటు లేదు కాబట్టి వాదన మొదలైంది. ముప్ఫై ఏళ్లుగా ఎత్తంటే ఎత్తేనని ఒకరు, నాకూ ఎత్తంటే ఎత్తేనని ఇంకొకరు. పావుగంట ఇలా సాగాక ఆవిడ తమ్ముడి చేతిలోంచి రసమట్టం లాక్కుంది. ఈ సాయంత్రం దాకా ఆ మాట ఎవరి నోటి వెంట వచ్చినా వాళ్లకు అన్నం లేదంది. ఏ పక్క పల్లమో అది ఒక్కటే చెప్పుకోవాలి, అదీ తనే చెబుతుంది.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. డ్రైవరు మూడు రోజుల తన కష్టాన్ని ఎడమ చక్రాల కింది నుంచి ఒక్కొక్క చెక్కగా పీకి, కుడి పక్కకు మోశాడు. ఆవిడ లోపలి నుంచి కుడి పక్క పల్లం, రెండు వేళ్లు అనేది. చెక్క పెట్టాక ఒక వేలు అనేది. జాకెట్టు అంచు నూలుపోగు తేడా వచ్చినా పట్టుకునే కళ్లు ఆవిడవి. అడ్డంగా కుదిరాక రసమట్టాన్ని నిలువుగా తిప్పింది. వెనక పల్లం అంది. మధ్యాహ్నానికి బుడగ రెండు గీతల మధ్యకు వచ్చి కుదురుగా నిలబడింది.

ఆవిడ పెనం పెట్టి గుడ్డు కొట్టింది. అది మధ్యలో పడి, గుండ్రంగా, పడిన చోటే వేగింది. ఆవిడ పొగడలేదు గానీ, సంచిలోంచి కత్తెర తీసి మిషను పక్కన మేకుకు తగిలించడం డ్రైవరు కిటికీలోంచి చూశాడు. ఆయనకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఈలవేస్తూ స్టాండ్లు బిగించడానికి వెళ్లాడు.

మూడు మూలలు అయ్యాయి. నాలుగో మూల బిగిస్తుండగా మేస్త్రికి ఫోను వచ్చింది. ఇంటి నుంచి, పెళ్లాం. అతను బస్సుకు ఆనుకుని, సరిగ్గా కిటికీ కింద నిలబడి మాట్లాడాడు. మూడో అంతస్తు మీద ఉన్న కూలీకి వినబడేలా మాట్లాడటమే తప్ప అతనికి ఇంకో గొంతు లేదు.

"అయిపోయిందే. బుడగ మధ్యలో నిలబడింది. ఇంక అక్క రాదులే, ఆ గది సర్దక్కర్లేదు" అన్నాడు. తర్వాత కాసేపు విన్నాడు. "నాకు తెలీదా? అందుకేగా పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది."

న్యాయం చెప్పాలంటే ఆ ఇల్లాలి భయానికి కారణం లేకపోలేదు. క్రితంసారి ఈవిడ పండక్కి వెళ్లి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో వాళ్లింటి కర్టెన్ల అంచులన్నీ విప్పి మళ్లీ కుట్టింది, వంటింటి అరలు మార్చింది, మరదలి చేతుల కుట్టు వంకరని ఇరుగుపొరుగు ముందే చెప్పింది. అదంతా ప్రేమతోనే చేసింది. పడ్డవాళ్లకు అది ప్రేమలా అనిపించకపోవడం వేరే సంగతి.

డ్రైవరు తల ఎత్తి చూశాడు. కిటికీ కర్టెన్ అంచును పట్టుకుని ఉన్న వేళ్లు కనబడ్డాయి. కాసేపటికి వేళ్లు వదిలేశాయి, కర్టెన్ మూసుకుంది.

నిజానికి ఆయన గెలిచాడు. ఇక ఆవిడకు పోవడానికి చోటు లేదు. అయినా ఆయనకు ఏడుపు వచ్చినంత పనయింది. అమ్మానాన్నలు పోయాక ఆవిడకు పుట్టిల్లంటే ఆ తమ్ముడిల్లే. ముప్ఫై ఏళ్లుగా తన మొండితనానికి ఎదురుగా ఆవిడ దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. ఇప్పుడు అదీ పోయింది. ఇక మీదట ఆవిడ తనతో ఉన్నా, వేరే దిక్కు లేక ఉన్నట్టే అవుతుంది. అలా ఉండటం ఆయనకు వద్దు. బస్సు ఎంత చదునుగా ఉన్నా వద్దు.

లోపలికి వెళ్లాడు. ఆవిడ మంచం అంచున నిటారుగా కూర్చుని ఉంది. పళ్లెంలో గుడ్డు చల్లారిపోయింది. డ్రైవరుకు ఓదార్చడం రాదు. చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. తర్వాత, ఈ పది నెలల్లో మొదటిసారిగా, ఆవిడను ఒక మాట అడిగాడు.

"మీ తమ్ముడింటికి పోదామా?"

ఆవిడ తల ఎత్తలేదు. ఎలా పోతామంది. ఇలాగే, బస్సుతోనే అన్నాడాయన. నువ్వు వద్దంటే వద్దు అని కూడా అన్నాడు. ఆ రెండో మాటకు ఆవిడ కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కళ్లు చిన్నవి చేసి, లోపల ఏదో కొలుచుకుంది.

"వాకిట్లో పడుతుందా?" అంది.

పొద్దుటి నుంచి బిగించినదంతా విప్పడానికి డ్రైవరుకు పావుగంట పట్టింది. స్టాండ్లు, అడ్డు చెక్కలు, చక్రాల కింది చెక్కలు అన్నీ తీసి లోపల పడేశాడు. మేస్త్రిని ఎక్కమన్నాడు, ఇంటి దగ్గర దించుతామన్నాడు. ఎండలో నడిచే పని తప్పిందని మేస్త్రి సంబరంగా ఎక్కాడు. అక్క గిన్నెలను గుడ్డతో కట్టేస్తుంటే, పెనాన్ని మంచం కింద దోపుతుంటే, అతనికి మెల్లగా విషయం అర్థమైంది. ఈ కాస్త దూరానికి ఇవన్నీ కట్టడం దేనికక్కా అని అడిగాడు. అక్క ఇంకో ముడి బిగించి ఎదురుగా కూర్చుంది. డ్రైవరు సీటుపైన, అల్లరి పిల్లలను గమనించడానికి పెట్టిన అద్దంలో దారంతా మేస్త్రి ముఖమే కనిపించింది. ఫోను చేతిలోనే ఉంది, నొక్కే ధైర్యం లేదు.

వాళ్లింటి ముందు పెద్ద సిమెంటు వాకిలి. ఆవిడ కిటికీలోంచి సగం బయటికి వంగి, రండి రండి, ఇంకొంచెం, ఆపండి అని చెబుతుంటే డ్రైవరు గేటుకు అటో జానెడు ఇటో జానెడు వదిలి బస్సును లోపలికి దూర్చాడు. బస్సు వాకిలినంతా ఆక్రమించి, ఇంటి తలుపుకు అడుగు దూరంలో ఆగింది. మరదలు చేతిలో తడిగుడ్డతో బయటికి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"వదినా, ఏంటిది?" అంది ఎట్టకేలకు.

"ఏం లేదమ్మా. నువ్వు గది సర్దక్కర్లేదు" అందావిడ.

మేస్త్రి ఫోను జేబులో పెట్టేశాడు. మరదలు మొగుడి వంక చూసిన చూపులో ఆ పూట అతనికి జరగబోయేదంతా ఉంది. అక్క మాత్రం ఏమీ ఎరగనట్టు రసమట్టాన్ని బస్సు నేల మీద పెట్టి, వంగి చూసి, మళ్లీ కిటికీలోకి వచ్చింది. పక్కిళ్లవాళ్లు అప్పటికే గోడల దగ్గర చేరారు.

"తమ్ముడూ, నీ వాకిలి కుడి పక్క నాలుగు వేళ్లు పల్లం."

అన్ని తిట్లూ పడటానికి మేస్త్రి సిద్ధపడ్డాడు గానీ ఇదొక్కటి ఓర్చుకోలేకపోయాడు. ఆ వాకిలి తన చేత్తో వేసింది.

"పల్లం కాదక్కా, అది వాటం. వాన నీళ్లు ఆ పక్క నుంచి బయటికి పోవాలని నేనే పెట్టా."

"నీళ్లు పోవాలని పెట్టావా, మనుషులు పోవాలని పెట్టావా?"

మేస్త్రి తల వంచుకున్నాడు. లోపలికి ఎక్కి చెక్కలు తెచ్చి బావ పక్కన పెట్టాడు. డ్రైవరు అప్పటికే కుడి చక్రం దగ్గర పడుకుని జాకీ సర్దుతున్నాడు. మరదలు గొంతు వినిపించింది. ఇవన్నీ దేనికి వదినా, ఇంట్లోకి రా అంటోంది, ఈసారి నిజంగానే.

"వస్తా, భోజనానికి వస్తా" అంది భార్య. "ముందు నా ఇల్లు సరిగ్గా నిలబెట్టుకోనీ."

మొదటి మేకు కొట్టిన రోజు నుంచీ ఆవిడ దాన్ని 'మీ బస్సు' అంటూనే వచ్చింది. మీ బస్సులో ఎలుక దూరింది, మీ బస్సు కిటికీ కారుతోంది, మీ బస్సులో మీరే పడుకోండి. డ్రైవరు విన్నది సరిగ్గా విన్నాడో లేదో చూసుకోవడానికి గబుక్కున తల ఎత్తాడు. పైన ఉన్నది ఇనుము. ఠంగుమని మోగింది.

ఏమైందండీ అని ఆవిడ కిటికీలోంచి కంగారుగా అడిగింది. ఆయన నుదురు పట్టుకుని, కళ్లలో తిరిగిన నీళ్లు దెబ్బవల్లేనని మేస్త్రి అనుకునేలా ముఖం పెట్టాడు.

"ఏం లేదు. ఎంత పల్లమో మళ్లీ చెప్పు" అన్నాడు.

నాలుగు వేళ్లు అందావిడ. మేస్త్రి మొదటి చెక్క అందించాడు, డ్రైవరు జాకీ కొట్టడం మొదలుపెట్టాడు.